పాత గేరాయిలూ, రేకు డబ్బాలో తెల్ల కాగితమూ

మెకానిక్ షాపు మూసేసి ఏడాది దాటినా నా గోళ్ళ కింద నలుపు పూర్తిగా పోలేదు. మా ఆవిడ నిమ్మచెక్క చేతికిచ్చి రుద్దుకోమంటుంది. రుద్దుకుంటాను, కాస్త తగ్గుతుంది, అంతే. విశాఖపట్నం పాత ఊళ్ళో, రేవుకి దగ్గరగా, ముప్పై ఎనిమిదేళ్ళు బళ్ళ కింద వెల్లకిలా పడుకుని గేరుబాక్సులు విప్పాను. మా నాన్న గోదావరి వైపు నుంచి హార్బరులో పని కోసం వచ్చినవాడు. నన్నూ అక్కడే ఎక్కించాలని చూశాడు. నాకేమో ఓడల కన్నా వాటి దగ్గరికొచ్చే లారీల మీద మోజు. అవి ఎలా గేరు మారుతున్నాయో వినడానికే గేటు దగ్గర నిలబడేవాణ్ణి.

ఇప్పుడు ఈ పనిలోకి కొత్తగా వచ్చిన కుర్రాళ్ళు అప్పుడప్పుడూ ఫోన్ చేస్తారు. వాళ్ళ దగ్గర స్కానర్లున్నాయి, ఫోన్లో బొమ్మలున్నాయి, నాకు లేని చదువుంది. అడిగే ప్రశ్న మాత్రం పాతదే. “మాస్టారూ, ఆటోమేటిక్ బండి. లక్షన్నర కిలోమీటర్లు దాటింది. గేరాయిల్ ఒక్కసారీ మార్చలేదంట. ఇప్పుడు మారిస్తే బాక్సు పోతుందంటారు, నిజమేనా?” ఒక్క మాటలో చెప్పమంటారు.

పదిహేనేళ్ళ పాటు నేనూ ఒక్క మాటలోనే చెప్పాను. “ముట్టుకోకు” అనేవాణ్ణి. అది తప్పని ఒక మనిషి వల్ల తెలిసింది. షాపు ఎలా పెట్టాను, ఎంత పెద్దది చేశాను లాంటివన్నీ వదిలేసి, ఆ తప్పు గురించే రాస్తున్నాను. ఈ పనిలో నాకు ఇప్పటికీ ఆశ్చర్యం తగ్గనిది కూడా అదే.

ముందు ఒక చిన్న సంగతి. మామూలు బండిలో గేరు మార్చాలంటే ఎడమకాలితో క్లచ్ తొక్కాలి. ఆటోమేటిక్ బండిలో ఆ ఎడమకాలి పనంతా బాక్సులో తిరిగే ఆయిల్ చేస్తుంది. అదే నెడుతుంది, అదే వదులుతుంది, లోపలి క్లచ్ ప్లేట్లని అదే చల్లబరుస్తుంది. కొత్తగా ఉన్నప్పుడు దానిమ్మ రసంలా ఎర్రగా ఉంటుంది. పాతబడేకొద్దీ గోధుమ రంగుకి, ఆ తర్వాత నలుపుకి తిరుగుతుంది. చాలా బళ్ళతో ఇచ్చే పుస్తకంలో ఈ ఆయిల్ జీవితకాలం మార్చనక్కర్లేదని రాసి ఉంటుంది. ఎవరి జీవితకాలమో ఆ పుస్తకంలో చాలాసార్లు వెతికాను, కనబడలేదు.

ఉస్తాద్ డబ్బా

నాకు పని నేర్పింది రహీం ఉస్తాద్. పాత ఊళ్ళో మూడు తరాలుగా ఇనుముతో బతికిన కుటుంబం వాళ్ళది. తాత గుర్రబ్బళ్ళకి ఇరుసులు వేశాడు, తండ్రి లారీలకి కమాను కట్టలు కట్టాడు, ఈయన గేరుబాక్సుల దగ్గరికొచ్చాడు. మనిషి పొట్టి, గొంతు పెద్దది. ఎవరైనా బండి తెచ్చి “ఏమైందంటావు ఉస్తాద్?” అంటే జవాబు చెప్పేవాడు కాదు. అడిగినవాణ్ణి పక్కకి జరగమనేవాడు.

ఆయన దగ్గర ఒక బిస్కెట్ల రేకు డబ్బా ఉండేది. దాని నిండా తెల్ల కాగితం ముక్కలు, ఎవరో ప్రెస్సువాళ్ళు కత్తిరించి పారేసేవి, అడిగి తెచ్చుకునేవాడు. బాక్సులోంచి ఆయిల్ కొలిచే డిప్ స్టిక్కు తీసి, కాగితం మీద ఒక చుక్క వేసేవాడు. దాని పక్కనే కొత్త ఆయిల్ చుక్క ఒకటి. ఆ రెండూ ఎలా పాకుతున్నాయో చూస్తూ టీ తాగేవాడు. టీ అయ్యేసరికి చుక్క పాకడం ఆగేది. తర్వాత వాసన చూసేవాడు, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది గరుకు తగులుతుందేమో చూసేవాడు. ఆ తర్వాతే నోరు విప్పడం.

ఆ డబ్బా మూత తీసి ఉంటే మాత్రం ఆయనకి పూనకం వచ్చేది. “అరే సత్యం! మూత! మూత ఎవడు పెడతాడు, మీ నానా?” అని నా మీద అరిచేవాడు. పారేసిన కాగితానికి అంత కాపలా ఏమిటని నేను వెనక నవ్వుకునేవాణ్ణి. ఒకసారి అడిగాను కూడా. “పెట్టమంటే పెట్టు, ఈ పూఛ్‌తాఛ్ ప్రశ్నలేటి నీకు” అన్నాడు.

గురువుల్లో నాకు ఆయనంటే ఉన్నంత గౌరవం ఎవరిమీదా లేదు. అయినా ఒక మాట చెప్పాలి. ఉస్తాద్ పని చూపించేవాడు, ఎందుకో చెప్పేవాడు కాదు. ఆయన చేతిలో అది బాగానే నడిచింది. నా చేతికి వచ్చేసరికి సగమే మిగిలింది. ఆయన మంచాన పడి షాపు నాకు అప్పగించాక, కాగితం కన్నా గుడ్డతో పని తొందరగా అయిపోతుందని కాగితం మానేశాను. డిప్ స్టిక్కుని బనీను గుడ్డతో తుడిచి, మరక చూసి చెప్పేసేవాణ్ణి. ఆ రేకు డబ్బాలో కాటరు పిన్నులూ బోల్టులూ పోసుకున్నాను.

తొమ్మిది రోజుల బండి

షాపు నా సొంత చేతుల మీద నడుస్తున్న తొలి రోజుల్లో, స్టీలు ప్లాంటులో పనిచేసే ఒకాయన ఆటోమేటిక్ కారు తెచ్చాడు. అప్పట్లో మన ఊళ్ళో అలాంటివి వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. నెమ్మదైన మనిషి. “పొద్దున్న స్టార్ట్ చేశాక కదలడానికి కొంచెం టైం తీసుకుంటోందండీ, ఆయిల్ మార్చేస్తే సరిపోతుందేమో” అన్నాడు. నాకు సరదా పుట్టింది. పాత ఆయిల్ మొత్తం వదిలించి కొత్తది పోశాను. ఎవరి దగ్గరో ఉన్న మిషను అద్దెకి తెచ్చి, ఒత్తిడితో లోపలంతా కడిగేశాను కూడా. చేస్తున్నంతసేపూ గర్వంగా ఉంది.

తొమ్మిదో రోజున ఆ కారు తాడు కట్టి లారీ వెనక వచ్చింది. ఇంజను తిరుగుతోంది, బండి కదలదు. ఆయన కేకలెయ్యలేదు. “నేను నడుపుకుంటూ తెచ్చాను సార్, మీ దగ్గర్నించి వెళ్ళాక ఇలా వచ్చింది” అన్నాడు, అంతే. తిట్టి ఉంటే తేలికగా ఉండేది.

ఆ సాయంత్రం ఉస్తాద్ ఇంటికి వెళ్ళి మంచం పక్కన కూర్చుని చెప్పాను. ఆయన కళ్ళు మూసుకునే విన్నాడు. “పాత నూనెలోనే ప్లేట్ల పొడి ఉంటది బేటా. దాని పట్టుమీదే ముసలి బాక్సు నడుస్తది. అది తీసేస్తే జారిపోద్ది. ముట్టుకోకు” అన్నాడు. ఆయన చెప్పాడు, నేను చూశాను, ఇంకేం కావాలి? ఆ రోజు నుంచి ఎవరొచ్చినా నా నోట ఒకటే మాట.

ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే నేను అడగాల్సినవి చాలా ఉన్నాయి. కదలడానికి టైం తీసుకుంటోందని స్టీలు ప్లాంటు ఆయన ముందే చెప్పాడు. అంటే బాక్సు నా దగ్గరికి వచ్చేటప్పటికే జారుతోంది. పాడైన తర్వాతే జనం ఆయిల్ గురించి ఆలోచిస్తారు, మారుస్తారు, బాక్సు పోతుంది, కొత్త ఆయిల్‌కి చెడ్డపేరు వస్తుంది. బాక్సు అడుగున ఉండే రేకు పళ్ళెం విప్పి లోపల ఏం రాలిందో చూసి ఉంటే నాకు ఆ రోజే తెలిసేది. చూడలేదు. ఆ బాక్సు తుక్కులోకి పోయింది, నాకు భయం మిగిలింది. ఆ భయాన్నే అనుభవం అనుకున్నాను.

నాయుడు బావ

నాలుగేళ్ళ కిందట ఒక పొద్దున్న అప్పలనాయుడు వచ్చాడు. పద్మనాభం దగ్గర పల్లె ఆయనది. చుట్టరికం ఏమీ లేదు, మొదటి పరిచయంలోనే “బావా” అన్నాడు, అలాగే మిగిలిపోయాం. వయసులో ఉన్నప్పుడు ఓడల్లో సరుకు కట్టే పని చేసేవాడు. ఒక ప్రైవేటు యార్డులో ఇనప చుట్ట దొర్లి ఎడమకాలు నలిగిపోతే మోకాలి కిందనుంచి తీసేశారు. తర్వాత అక్కడి కాంట్రాక్టరు ఆయనకి లారీలు తూచే కాటా దగ్గర కూర్చునే పని ఇచ్చాడు. తెల్లవారే షిఫ్టు. ఆ వేళకి వాళ్ళ ఊరినుంచి బస్సు లేదు. అందుకని అప్పటికే బాగా తిరిగిన ఆటోమేటిక్ కారు ఒకటి కొనుక్కున్నాడు. వాళ్ళ ఊరివాళ్ళే ఇద్దరు నర్సులు రోజూ అందులోనే టౌనుకి వచ్చేవారు.

“లక్షా ఎనబై వేలు తిరిగింది బావా” అన్నాడు. “గేరు మారినప్పుడల్లా గుద్దుతంది. ఆ గుద్దు తిన్నగా మొండికాలికి తగుల్తంది. కొయ్యకాలు తొడుక్కుని నేలకి తన్నిపెట్టి నడుపుతన్నాను. రివర్సు ఎయ్యాలంటే అయిదు అంకెలు లెక్కెట్టాల.”

నేను ఇంజను ఆన్ చేయించి, డిప్ స్టిక్కు లాగి, తీగ మీద ఆరేసిన గుడ్డల్లో ఒకటి తీసి తుడిచాను. నల్లగా వచ్చింది. తల అడ్డంగా ఊపాను.

“మాడిపోయింది నాయుడు బావా. ముట్టుకోకూడదు. నడిచినన్నాళ్ళు నడుపుకో.”

“ఎన్నాళ్ళు నడుత్తాది?”

“చెప్పలేను.”

ఆయన బండి బానెట్ మీద చెయ్యి వేశాడు. “ఈ బండి ఆగిపోతే నా పనీ ఆగిపోయినట్టే. మావోడు మోటారు సైకిలు మీద దింపుతానంటాడు, ఎన్నాళ్ళు దింపుతాడు? ఇంట్లో కూకుంటే నాను మళ్ళీ లెగను బావా, నాకు తెలుసు” అన్నాడు. కాలు పోయిన తొలి ఏడాది ఆయన గుమ్మం దాటలేదట. కారు కొన్నాకే మనుషుల్లో పడ్డానన్నాడు. నాకు జాలేసింది. కానీ నా మాట మార్చుకోలేదు.

వెళ్ళబోతూ ఆగి, నా చేతిలోని గుడ్డకేసి చూశాడు.

“ఒక మాటంటాను, ఏటనుకోకు. నాను కాటా కాడ కూకుంటాను గదా. లారీ గేట్లోకి ఒచ్చినప్పుడే సూసి బరువు సెప్పీగల్ను. అయినా సెప్పను. ఎక్కించి సూత్తాను. నువ్వేటి, గుడ్డ సూసి సెప్పీసేవు?”

“ఇన్నేళ్ళ అనుభవం బావా.”

“నాకు మొదట సూసిన డాక్టరుకీ అనుబవమే. కట్టు మీంచి సూసీసి మోకాలి పైనించి తీసీమన్నాడు. రెండో ఆయన కట్టు విప్పి, అరగంట సూసి, మోకాలు ఉంచీసేడు. ఆ మోకాలుంది గనకే ఈయాల నిలబడి నీతో మాటాడతన్నాను.”

షిఫ్టు మధ్యలో గంటసేపు అడిగి వచ్చినవాడు, తిరిగి కాటా దగ్గరికి వెళ్ళిపోయాడు. నాకు ఒళ్ళు మండింది. నా షాపుకొచ్చి నాకే చెబుతాడా అనుకున్నాను.

కళ్ళజోడు

ఆ కోపంలోనే కళ్ళజోడు తీసి, అదే గుడ్డలో ఆయిల్ అంటని మూలతో అద్దాలు తుడుచుకున్నాను. పెట్టుకుంటే ఎదురుగా గోడ మసగ్గా కనబడింది. మళ్ళీ తుడిచాను, ఇంకా మసగ్గా అయింది. తీగ మీంచి ఇంకో గుడ్డ తెచ్చాను, ఉతికి ఆరేసినదే. దాంతో తుడిస్తే అద్దం మీద బూడిద రంగు చారలు పడ్డాయి. ఆ గుడ్డని తెల్లటి టీ సాసరుకేసి రుద్దాను. నల్లటి గీత పడింది.

మా పాత ఊళ్ళో పుట్టిన పసివాడికి కూడా తెలిసిన విషయం ఇది. రేవు వైపు గాలి తిరిగితే బొగ్గు పొడి వచ్చి పడుతుంది. కిటికీ చువ్వల మీద, మంచినీళ్ళ బిందె మూత మీద, అన్నిటి మీదా. మా ఇళ్ళల్లో ఆడవాళ్ళు తెల్ల బట్టలు బయట ఆరెయ్యరు. ఇల్లు గోపాలపట్నం మారక ముందు మా ఆవిడ ఈ పొడి గురించి రోజూ నన్ను సతాయించేది. అలాంటి ఊళ్ళో రోజూ పనిచేస్తూ, రాత్రంతా తీగ మీద ఆరిన గుడ్డతో తుడిచి, నలుపంతా గేరుబాక్సులోంచే వచ్చిందని తేల్చేశాను.

అప్పుడు వినబడింది ఉస్తాద్ అరుపు. మూత ఎవడు పెడతాడు! ఆయన పోయి అప్పటికి చాలా ఏళ్ళయింది. నేను లేచి బల్ల కింద వెతికి ఆ రేకు డబ్బా బయటికి తీశాను. బోల్టులన్నీ నేల మీద కుమ్మరించాను. సిగ్గేసింది, నవ్వూ వచ్చింది. కాగితానికి కాదు ఆయన కాపలా కాసింది, ఆ కాగితం చెప్పే మాటకి. నా దగ్గరికొచ్చి ముట్టుకోకు అనిపించుకుని వెళ్ళిపోయినవాళ్ళ ముఖాలు గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాను. కొందరివే గుర్తొచ్చాయి. వాళ్ళలో బండి వదిలించుకున్నవాళ్ళెందరో నాకు తెలీదు.

నాయుడు బావకి ఫోన్ చేశాను. “షిఫ్టు దిగాక ఇటు రా. పొద్దున్న నేను చూసింది తప్పు” అన్నాను. ఆయన “సరే బావా” అన్నాడు.

పళ్ళెం విప్పాక

మధ్యాహ్నం ఆయన వచ్చేసరికి మా మనవరాలి డ్రాయింగు పుస్తకంలోంచి కాగితాలు తెచ్చి డబ్బాలో పెట్టి మూత వేసి ఉంచాను. చుక్క వేశాను. పక్కన కొత్తది వేశాను. ఇద్దరం టీ తెప్పించుకుని చూస్తూ కూర్చున్నాం. పాత చుక్క నడుమ ముదురు గోధుమ రంగు, అంచు ఇంకా ఎర్రగానే ఉంది, కొత్తదాని కన్నా కొంచెం తక్కువగా పాకింది. మాడిన ఆయిల్ అలా పాకదు, నడుమ మసిలా గడ్డకట్టి ఆగిపోతుంది. వాసన ముదురుగా ఉంది కానీ మాడు వాసన లేదు. ముసలిదైంది, చావలేదు.

“ఇప్పుడు కింద పళ్ళెం విప్పి చూడాలి” అన్నాను.

“నానూ సూడొచ్చా?”

“నూనె మీద పడుతుంది, దూరంగా కూర్చో.”

“నా కాలు తీసినప్పుడు నాకు సూపించలేదు బావా. ఇదైనా సూడనీ.”

స్టూలు దగ్గరికి లాగి ఇచ్చాను. పళ్ళెం దించాను. అడుగున రెండు అయస్కాంతాలుంటాయి, లోపల రాలిన ఇనుమంతా వాటికి పట్టుకుంటుంది. వాటిమీద బూడిదరంగు ముద్ద ఉంది, కాటుకలా మెత్తగా. ఇద్దరం వేళ్ళతో రుద్ది చూశాం. మెరిసే రజను లేదు, ముక్కలు లేవు, ప్లేట్ల మీంచి ఊడే నల్లటి రవ్వలు లేవు. అంత తిరిగిన బాక్సులో ఆ ముద్ద ఉండడం మామూలే.

నాకు తెలిసినదంతా అప్పుడు చెప్పాను. ఇది బతికే బాక్సే అనిపిస్తోంది. మార్చకపోతే ఎప్పుడో పోవడం ఖాయం. మారిస్తే బాగుపడొచ్చు, పోనూవచ్చు. హామీ ఇవ్వలేను. ఒకప్పుడు ఒకాయన బండి నా చేతిలో తొమ్మిది రోజుల్లో పోయింది. నాయుడు బావ అంతా విని, “నీ బండే అయితే ఏటి సేత్తువు?” అన్నాడు.

“మారుస్తాను.”

“మరి మార్సు.”

మిషనుతో కడగలేదు. ఏళ్ళ తరబడి మూలల్లో పేరుకున్నదాన్ని ఒత్తిడితో లేపితే అది వెళ్ళి సన్నటి దారుల్లో ఇరుక్కుంటుంది. స్టీలు ప్లాంటు ఆయన బండికి నేను చేసిన అసలు నష్టం అదేనని ఇప్పుడు నా అనుమానం. పళ్ళెంలోంచి దిగినంతే దింపాను, అది మొత్తంలో సగం కూడా ఉండదు. మిగతాది లోపలే ఉండిపోతుంది, ఉండనివ్వాలి. ఫిల్టరు మార్చాను. దిగినదాన్ని కొలిచి, ఆ బండికి చెప్పిన రకమే, అంతే పోశాను. ఇలాగే వారాల తేడాతో మూడు విడతలు చేద్దామన్నాను. పాతదాన్ని ఒక్కసారి తరిమెయ్యకుండా కొత్తదాన్ని కొద్దికొద్దిగా కలపడం అన్నమాట.

ఆనందపురం దగ్గర

మొదటి విడత అయ్యాక గుద్దు అలాగే ఉంది. మూడో రోజు పొద్దున్న ఫోన్ వచ్చింది. “బావా, ఆనందపురం జంక్షను దాటి ఆపీసేను. రివర్సు ఎక్కట్లేదు. ముందుకీ నీర్సంగా లాగుతంది. నర్సమ్మలు ఆటో ఎక్కెళ్ళిపోయారు.”

పనిముట్లూ ఆయిల్ డబ్బా పెట్టుకుని స్కూటరు మీద బయల్దేరాను. ఆ దారంతా నా చెవుల్లో స్టీలు ప్లాంటు ఆయన మాటే. నడుపుకుంటూ తెచ్చాను సార్. ఉస్తాద్ చెప్పనే చెప్పాడు, ముట్టుకోకూడదని. ఒక మనిషి బతుకు తెరువు నా సరదాకి పోయిందని ఏడుపొచ్చినంత పనైంది. ఇన్నేళ్ళకి మళ్ళీ అదే చోటికి వచ్చాననుకున్నాను.

ఆయన రోడ్డు పక్కన రాయి మీద కూర్చుని ఉన్నాడు. నేను దిగుతూనే “అయిపోయింది నాయుడు బావా, నన్ను క్షమించు” అన్నాను.

“మళ్ళీ అదే సేత్తన్నావ్! బండి సూడకుండానే ఏడుత్తావేటి? ముందు కింద సూడు.”

వంగి చూశాను. పళ్ళెం అంచున ఎర్రటి చుక్కలు, కింద మట్టిలో అరచెయ్యంత తడి. సముద్రపు గాలికి తుప్పు పట్టిన బోల్టు ఒకటి పళ్ళెం ఎక్కించినప్పుడు నా చేతికి బిగిసినట్టు అనిపించింది, నిజంగా బిగియలేదు. అందులోంచి మూడు రోజులుగా కారుతోంది. బాక్సులో ఏ లోపమూ లేదు, ఆయిలే తగ్గింది. లోపం నా చేతిది. అంత సంతోషంగా నా తప్పుని నేను ఎప్పుడూ ఒప్పుకోలేదు.

బోల్టు తీసి కొత్తది వేసి, సమంగా ఉన్న చోటికి బండిని నెమ్మదిగా తెచ్చి, ఇంజను తిరుగుతుండగా గేరు కర్ర ఒక్కొక్క గడిలోనూ ఆపుకుంటూ వచ్చి, కొద్దికొద్దిగా ఆయిల్ పోస్తూ కొలిచాను. కుర్రాళ్ళు ఇక్కడ ఆగి చదవాలి. ఇంజను ఆపి, చల్లారాక కొలిచి, ఎక్కువో తక్కువో పోసి బళ్ళు పాడుచేసినవాళ్ళని ఎంతమందిని చూశానో. అది ఇంజనాయిల్ అలవాటు. చాలా ఆటోమేటిక్ బళ్ళకి వేడిగా, తిరుగుతుండగానే కొలవాలి. మీ బండి పుస్తకం ఏం చెబుతోందో అది చూడండి. ఆ పుస్తకంలో నేను నవ్వేది జీవితకాలం అన్న మాట ఒక్కదానికే.

రివర్సు వేయించాను. అయిదు అంకెలు లెక్కపెడదామని మొదలుపెట్టాడు. రెండు అనేలోపల బండి వెనక్కి కదిలింది.

రెండో విడత తర్వాత గుద్దు సగానికి తగ్గింది. మూడో విడతలో పళ్ళెం విప్పితే అయస్కాంతాల మీద దాదాపు ఏమీ లేదు. కాగితం మీద రెండు చుక్కలూ దాదాపు ఒకేలా పాకాయి. ఆ కాగితం నాయుడు బావ అడిగి తీసుకుని చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

తర్వాత అన్నీ ఇలాగే జరిగాయని చెబితే అబద్ధమవుతుంది. రెండు మూడు బళ్ళలో పళ్ళెం విప్పగానే మెరిసే రజను కనబడింది. వాటికి ఆయిల్ మార్చడం దండగని సొంతదారులకి చూపించి చెప్పాను. ఒకటి పళ్ళెం బాగున్నా నెల తిరక్కుండా పోయింది, ఎందుకో నాకు ఇప్పటికీ తెలీదు, తెలుసుకోవాలని ఉంది. ఉస్తాద్ చెప్పిన ప్లేట్ల పొడి మాటలో కూడా కొంత నిజం ఉండొచ్చు. కానీ విప్పి చూడకుండా ఇక ఎవరికీ ముట్టుకోకు అని చెప్పలేదు, ముట్టుకోమనీ చెప్పలేదు.

షాపు మూసిన రోజు

పనిముట్లన్నీ ఇచ్చేశాను. రేకు డబ్బా ఒక్కటీ సంచిలో పెట్టుకున్నాను. తాళం వేస్తుండగా నాయుడు బావ కారు వచ్చి ఆగింది. అప్పటికి అది రెండు లక్షల నలభై వేలు దాటింది. “ఎక్కు బావా, గోపాలపట్నం దాకా దింపీసి ఎల్తాను” అన్నాడు. మా ఇల్లు అక్కడే.

పక్క సీట్లో కూర్చున్నాను. అలవాటుకొద్దీ చెవులు రిక్కించాను. కంచరపాలెం దాటాం. ట్రాఫిక్కులో ఆగుతూ కదులుతూ వెళ్తున్నాం. ఎన్‌ఏడీ జంక్షను దగ్గర వంతెన ఎక్కేటప్పుడు గేరు మారి తీరాలి. ఎప్పుడు మారిందో నాకు దొరకలేదు. ముప్పై ఎనిమిదేళ్ళు గేర్లు విన్న చెవులకి దొరకలేదు.

“ఇప్పుడు మూడులో ఉందా, నాలుగులోనా?” అని అడిగాను.

“నాకేటి తెలుసు బావా” అని నవ్వాడు. “తెలీకుండా సేసింది నువ్వే గదా.”

డబ్బా ఉన్న సంచి వెనక సీట్లో పెడదామని తిరిగాను. అక్కడ ఆయన కొయ్యకాలు ఉంది, బూటుతో సహా, పక్కకి ఒత్తిగిలి పడుకోబెట్టి ఉంది. గుద్దుకి తట్టుకోవడానికి నేలకి తన్నిపెట్టి నడిపిన కాలు అది. ఇప్పుడు మొండికాలు సీటు అంచున హాయిగా ఆనించుకుని, ఒక్క కుడికాలితో నడుపుతున్నాడు.

“ఏమిటి బావా, కాలు విప్పేశావు?”

“బండెక్కగానే విప్పీసి ఎనక పడీత్తాను. ఈ మద్దెన రోజూ ఇంతే. దాంతో పనేటుంది ఇక్కడ?”

నేను సంచి ఆ కాలు పక్కన పెట్టి, ముందుకి తిరిగి కూర్చున్నాను. కళ్ళజోడు మసకబారింది. జేబులో గుడ్డ ఉంది కానీ తుడుచుకోలేదు.